నారు అమ్ముకుంటే ధాన్యం ఎక్కడిది? పిట్స్‌బర్గ్ పైరేట్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

పిట్స్‌బర్గ్,
జనవరి 2026

పైరేట్స్ జట్టు యజమాని బాబ్ నటింగ్ గారికి, జనరల్ మేనేజర్ బెన్ చెరింగ్టన్ గారికి,

నమస్కారం.

నేను 2005 నుంచి మీ ఊళ్లో ఉంటున్న తెలుగువాణ్ని. మా ఇల్లు మన్‌రోవిల్‌లో. పుట్టి పెరిగింది పశ్చిమ గోదావరి జిల్లా తణుకు దగ్గర ఒక పల్లెటూళ్లో. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియకుండా పెరిగినవాణ్ని మీ బేస్‌బాల్ పట్టుకుని ఇరవై ఏళ్లయినా వదల్లేదు.

ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, పెన్ హిల్స్‌లో 1970ల్లో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నప్పటి నుంచీ ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆదివారం పొద్దున దర్శనం, గుడి పులిహోర, మధ్యాహ్నం స్టేడియంలో మ్యాచ్. మాలో చాలామంది పిల్లల వేసవి సెలవులు ఇలాగే గడిచాయి. మీరు శీతాకాలంలో తలుపులు వేసుకుని తీసుకునే నిర్ణయాలు మా ఇళ్లలో భోజనాల దగ్గర చర్చకు వస్తాయి. ఆ మాటలు మీ దాకా రావాలి, ఆ పిల్లల తాతయ్యలకూ అమ్మమ్మలకూ కూడా అర్థం కావాలి.

ముందు ఈ శీతాకాలం మీరు చేసిన మంచి చెప్పాలి. టాంపా బే నుంచి 31 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) కొట్టిన బ్రాండన్ లోవ్‌ను తెచ్చారు. ర్యాన్ ఓహర్న్‌తో రెండేళ్లకు 2.9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. బయటి ఆటగాడికి మీరు ఒక్క ఏడాది మించి మాట ఇచ్చి ఎన్నేళ్లయిందో అభిమానులందరికీ తెలుసు, అందుకే ఆ వార్తకు సంతోషపడ్డాం. పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, గ్రెగరీ సోటో వచ్చాడు. బోస్టన్‌కు యోహన్ ఓవియేడోను ఇచ్చి జోస్టిన్‌సన్ గార్సియా అనే కుర్రాణ్ని తీసుకున్నారు. ఇవన్నీ మంచి పనులే. కైల్ ష్వార్బర్ కోసం కూడా గట్టిగానే ప్రయత్నించారని పత్రికల్లో చదివాం.

కానీ ఈ ఊరు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇంకా మీ చెవికి ఎక్కలేదు. గత ఏప్రిల్‌లో సొంత గడ్డ మీద తొలి మ్యాచ్ రోజున జట్టు అమ్మేయమని వేల గొంతులు అరిచాయి. అదే మాట రాసిన బ్యానర్ కట్టుకుని స్టేడియం మీద విమానం తిరిగింది. నేను ఆ నినాదం ఇవ్వలేదు. జట్టు ఎవరి చేతుల్లో ఉందన్నది కాదు నా ప్రశ్న. ఎవరి చేతుల్లో ఉన్నా సరే, ఇక్కడ పెరిగిన పిల్లలు ఇక్కడ ఆడి ఇక్కడ గెలిచే రోజు రావాలి. అడగాల్సినవి అన్నీ కిందే రాస్తున్నాను.

1. ప్రాస్పెక్ట్, అంటే రేపటి మీద ఆశ పెట్టుకున్న కుర్రాడు, అన్న మాటకు విలువ ఇవ్వండి.

2018 వేసవిలో మా నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు. జులై 31 సాయంత్రం టీవీలో వార్త వచ్చింది. క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్‌లను టాంపా బేకి ఇచ్చేశారు. ఆ లెక్కలోనే షేన్ బాజ్ అనే ఇంకో కుర్రాడు కూడా తర్వాత వెళ్లిపోయాడు. నేను తల పట్టుకుని కూర్చుంటే నాన్న వచ్చి ఏమైందని అడిగారు. ఈ ఆటలో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను తీసుకొచ్చి, చిన్న ఊళ్ల జట్లలో ఏళ్ల తరబడి ఆడించి, తయారయ్యాక పెద్ద జట్టుకు తెస్తారని, దాన్ని ఫార్మ్ సిస్టమ్ అంటారని చెప్పాను.

"అంటే నారుమడి" అన్నారు నాన్న. "ఈ కుర్రాళ్లని ఎన్నాళ్లు పెంచారు?"

గ్లాస్నోను ఏడేళ్లు, మెడోస్‌ను అయిదేళ్లు అన్నాను.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నారు అమ్ముకున్నవాడికి ధాన్యం ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అని లేచి వెళ్లిపోయారు. ఆయన యాభై ఏళ్లు ఊడ్పులు ఊడ్పించిన మనిషి.

ఆర్చర్ ఇక్కడ నిలదొక్కుకోలేదు. ఆ ఏడాది జనవరిలోనే, 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే రోజు) మొదటి పేరుగా తెచ్చుకున్న గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చారు. అక్కడ 2019లో ఒక్క సీజన్‌లో 326 మందిని స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు. 2023లో న్యూయార్క్ యాంకీస్ చొక్కాలో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. కోల్ బదులు వచ్చినవాళ్లలో జో మస్‌గ్రోవ్ ఉన్నాడు. అతన్ని కూడా 2021 జనవరిలో శాన్ డియెగోకు పంపేశాం. మూడు నెలలు తిరక్కుండానే అతను ఆ జట్టు చరిత్రలో మొట్టమొదటి నో హిట్టర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. జేమ్సన్ టయాన్, జోష్ బెల్, స్టార్లింగ్ మార్టే... ఒక్కొక్కరి కథ రాస్తే ఉత్తరం పుస్తకం అవుతుంది.

వెళ్లిన ప్రతిసారీ మాకు చెప్పిన మాట ఒకటే. బదులుగా ఫలానా ప్రాస్పెక్ట్‌లు వస్తున్నారు, కాస్త ఓపిక పట్టండి. 2015 తర్వాత మన జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లలేదు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు అయిదో తరగతిలో ఉన్నారు. ఓపిక అన్న మాట వాళ్లకు చెప్పడానికి మా దగ్గర ముఖం లేదు.

2. పాల్ స్కీన్స్ విషయంలో కాలం అయిపోతోంది. లెక్క మీకు తెలుసు, మాకూ తెలుసు.

బేస్‌బాల్ తెలియని మావాళ్ల కోసం చెబుతాను. ప్రపంచంలో అందరికంటే గొప్ప బౌలర్ మన ఊరి జట్టులో ఉన్నాడనుకోండి. ఆ జట్టుకు బ్యాటింగ్ లేదనుకోండి. గత ఏడాది పైరేట్స్ అంటే అదే. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు స్కీన్స్‌ది. చేరినందుకు 92 లక్షల డాలర్లు ఇచ్చారు. 2024లో ఉత్తమ కొత్త ఆటగాడు. 2025లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు, ఓటేసిన ప్రతి ఒక్కరి మొదటి ఓటూ అతనికే. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. స్ట్రైక్ అవుట్‌లు 216. ఇంత చేసినవాడి గెలుపోటముల లెక్క పది గెలుపులు, పది ఓటములు. ఆ ఏడాది జీతం 8.75 లక్షల డాలర్లు, ఈ ఆటలో పెద్ద పిచర్లు ఏడాదికి కోట్లలో తీసుకుంటుంటే.

మే 18 ఆదివారం ఫిలడెల్ఫియాలో మ్యాచ్. మా అబ్బాయికి పదకొండేళ్లు, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని స్కోర్ కార్డు రాస్తాడు. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ వేశాడు. మధ్యలో ఇంకో పిచర్ అవసరమే రాలేదు. ఇచ్చింది ఒక్క పరుగు. మ్యాచ్ 1-0తో పోయింది. మావాడి కార్డులో మన జట్టు వరసలో తొమ్మిది సున్నాలు, పెన్సిల్‌తో గుండ్రంగా. ఎనిమిదో సున్నా దాకా శ్రద్ధగా పెట్టాడు. తొమ్మిదోది పెట్టేటప్పుడు పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది.

గత సీజన్‌లో 117 హోమ్ రన్‌లు, 583 పరుగులు. రెండింట్లోనూ 30 జట్లలో మనదే ఆఖరి స్థానం. మే 8న డెరెక్ షెల్టన్‌ను మేనేజర్‌గా తప్పించి, ఈ ఊళ్లోనే పుట్టిన డాన్ కెల్లీకి జట్టును అప్పగించారు. అప్పటికి 12 గెలుపులు, 26 ఓటములు. చివరికి 71, 91. మేనేజర్ మారితే బ్యాట్లు మారవు కదా. ఆయన చేతికి ఇచ్చిన జట్టే అది.

స్కీన్స్ 2029 సీజన్ అయ్యాక ఎక్కడికైనా వెళ్లొచ్చు. అంటే మన చేతిలో నాలుగు సీజన్లు. అందులోనూ యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం ఈ డిసెంబరు 1తో ముగుస్తుంది. 2027 సజావుగా మొదలవుతుందా, ఆట ఆగిపోతుందా అన్న టెన్షన్ ఇప్పటికే ఉంది. 2027లో కొన్ని నెలలు పోయినా మనకు మిగిలేది నాలుగు సీజన్లు కూడా కాదు.

అందుకని రెండు అడుగుతున్నాం. ఒకటి, స్కీన్స్‌తో కూర్చుని దీర్ఘకాల ఒప్పందానికి నిజమైన ధర చెప్పండి. ఒప్పుకుంటాడా లేదా అన్నది అతని ఇష్టం, కానీ అడగాల్సిన బాధ్యత మీది. రెండు, అతన్ని ట్రేడ్ చేయబోమని మాకు బహిరంగంగా మాటివ్వండి. ఆ మాట లేకపోతే ప్రతి జులైలోనూ, ప్రతి డిసెంబరులోనూ మేం ఫోన్ చేతిలో పట్టుకుని గుండె దడతో కూర్చోవాలి.

3. కానర్ గ్రిఫిన్‌ను ప్రతిభ చూసి పిలవండి, కేలెండర్ చూసి కాదు.

గత వేసవి చివర్లో మా అబ్బాయిని తీసుకుని రూట్ 22 మీద గంటన్నర డ్రైవ్ చేసి, మన చిన్న జట్లలో ఒకటి ఆడే అల్టూనా వెళ్లాను. అక్కడి స్టేడియం చిన్నది. కుడివైపు గోడ వెనకే రోలర్ కోస్టర్ కనబడుతుంది, పిల్లలకు సగం ఆనందం దాంతోనే. మేం వెళ్లింది గ్రిఫిన్ కోసం. 2024 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పేరు, మిసిసిపీలో హైస్కూలు నుంచి నేరుగా వచ్చాడు. ఒక్క ఏడాదిలో బ్రాడెన్టన్, గ్రీన్స్‌బరో, అల్టూనా మూడు మెట్లూ ఎక్కేశాడు. బ్యాటింగ్ సగటు 0.333, 21 హోమ్ రన్‌లు, 65 స్టీల్స్ (బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం). ఈ రోజు దేశం మొత్తంలో మొదటి ప్రాస్పెక్ట్ అతనే. ఇంకా ఇరవై నిండలేదు.

మ్యాచ్‌కు ముందు రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే షార్ట్‌స్టాప్ స్థానంలో అతను నేలబంతులు పడుతుంటే చూశాం. అంత పొడుగు మనిషి అంత తేలిగ్గా వంగి లేవడం నేను ఎక్కడా చూడలేదు. మా వెనక వరసలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఏళ్లుగా అక్కడికి వస్తున్నావిడట. "బాగా చూసుకోండి, ఈ అబ్బాయి ఇక్కడ ఎక్కువ రోజులు ఉండడు" అన్నారు. మావాడు నా వైపు తిరిగి, "పిట్స్‌బర్గ్‌లో ఎన్నాళ్లు ఉంటాడు నాన్నా?" అని అడిగాడు.

దారి పొడుగునా నేను వేరే కబుర్లు చెప్పాను.

ఈ ఆటలో ఆటగాడికి ఏడాది సర్వీసు అంటే 172 రోజులు. ఆరేళ్లు నిండితే స్వేచ్ఛ. మొదటి మూడేళ్లు దాదాపు కనీస వేతనమే, ఈ ఏడాది అది 7.8 లక్షల డాలర్లు. అందుకే చాలా జట్లు సిద్ధంగా ఉన్న కుర్రాణ్ని కొన్ని వారాలు కింద ఉంచి, ఇంకో ఏడాది కలుపుకుంటాయి. పిచర్ బబ్బా చాండ్లర్‌ను గత ఏడాది ఆగస్టు 22 దాకా కింది జట్టయిన ఇండియానాపోలిస్‌లోనే ఉంచారు. మొదటి మ్యాచ్‌లోనే నాలుగు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు. అతన్ని ఆపింది ఆటా, లెక్కా అని అభిమానులు అడిగారు. తృప్తిగా అనిపించే జవాబు మాకు దొరకలేదు.

ఇలాంటి లెక్కలు వేయకుండా ముందే పిలిచినవాళ్లకు మేలు జరిగేలా లీగ్ నిబంధనలే మారాయి. మొదటి రోజు నుంచి జట్టులో ఉంచిన గొప్ప కుర్రాడు పెద్ద అవార్డు తెస్తే జట్టుకు డ్రాఫ్ట్‌లో అదనపు అవకాశం ఇస్తారు. మనలాగే చిన్న మార్కెట్ జట్టయిన మిల్వాకీ, జాక్సన్ చూరియో మేజర్ లీగ్‌లో ఒక్క బంతి ఆడకముందే ఎనిమిదేళ్లకు 8.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే మిల్వాకీ 2025లో 97 మ్యాచ్‌లు గెలిచింది, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ. కాన్సస్ సిటీ బాబీ విట్‌కు 11 ఏళ్లకు దాదాపు 28.9 కోట్ల డాలర్లు రాసిచ్చింది. చిన్న ఊళ్లకు ఇది చేతకాదని ఇక ఎవరూ మాకు చెప్పొద్దు.

ఫ్లోరిడాలో శిక్షణ శిబిరం ఫిబ్రవరిలో మొదలవుతుంది. గ్రిఫిన్ అక్కడ తనేమిటో చూపిస్తే మార్చి చివర్లో అతన్ని వెంట తీసుకురండి. సిద్ధంగా లేడని మీ కోచ్‌లు నిజంగా అనుకుంటే ఏ విషయంలో సిద్ధంగా లేడో చెప్పండి, మేం వింటాం. ఎలా ఉన్నా, చూరియోకు మిల్వాకీ ఇచ్చినట్టు ఇప్పుడే దీర్ఘకాల ఒప్పందం అతని ముందు పెట్టండి.

4. డబ్బు లెక్క చెప్పండి.

ఐపీఎల్ చూసే మావాళ్లు అడుగుతుంటారు, అక్కడ అన్ని జట్లకూ ఒకే పర్స్ కదా, ఇక్కడ ఎందుకు ఇంత తేడా అని. ఇక్కడ గరిష్ఠ పరిమితీ లేదు, కనీస పరిమితీ లేదు. మితిమీరి ఖర్చు పెట్టినవాళ్లకు పన్ను పడుతుంది, అంతే. లాస్ ఏంజెలెస్‌తో సమానంగా పెట్టమని మేం ఎప్పుడూ అడగలేదు. ఆ తేడా మీ తప్పు కాదని ఒప్పుకుంటాం.

అయితే పెద్ద జట్ల రాబడిలో వాటా చిన్న జట్లకు వస్తుంది. ఆ సొమ్మును జట్టు మెరుగుపడడానికి సరిగ్గా వాడడం లేదని 2018లో ఆటగాళ్ల సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది. అందులో మన పేరుంది. 2001లో తెరిచిన మన స్టేడియం ఎక్కువ భాగం ప్రజల సొమ్ముతో కట్టినది. ఈ కౌంటీలో అమ్మకపు పన్ను ఏడు శాతం, రాష్ట్రానికి పోయే ఆరు తీసేస్తే మిగిలిన ఒక్క శాతంలో సగం పార్కులకూ లైబ్రరీలకూ స్టేడియాలకూ సొమ్ము ఇచ్చే ప్రాంతీయ నిధికి వెళుతుంది. అంటే మ్యాచ్‌కు రాని మనిషి కూడా, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా ఆవిడ వాళ్లమ్మగారు ఇక్కడికి వచ్చి కుక్కర్ కొన్నప్పుడు కూడా, మీ స్టేడియానికి చెయ్యి వేస్తున్నట్టే.

మన జట్టు చరిత్రలో అతిపెద్ద ఒప్పందం బ్రయన్ రేనాల్డ్స్‌కు 2023లో ఇచ్చిన 10.675 కోట్ల డాలర్లు, అదీ ఎనిమిదేళ్లకు. ఆ సంఖ్య దాటడానికి భయపడినంత కాలం స్కీన్స్ గురించి మాట్లాడుకోవడం దండగ. లీగ్ నుంచి వచ్చే పంపకం సొమ్ములో ఎంత ఆటగాళ్ల మీద పెడుతున్నారో ఏడాదికొకసారి ప్రకటించండి. వచ్చే మూడేళ్లకు జీతాల ఖర్చు ఇంతకంటే తగ్గదని ఒక సంఖ్య చెప్పండి.

5. లోవ్ ఒప్పందం ఈ సీజన్‌తో అయిపోతుంది. అతని కోసం మన దగ్గర ఎదిగిన మైక్ బరోస్‌ను వదులుకున్నాం. ఇది తప్పని అనను, బ్యాట్ కావాలని అరిచిన వాళ్లలో నేనూ ఉన్నాను. అయితే జులైలో జట్టు నాలుగు మ్యాచ్‌లు వెనకబడగానే లోవ్‌ను ఇంకెవరికో ఇచ్చేసి మళ్లీ ప్రాస్పెక్ట్‌లు తెచ్చామని చెప్పొద్దు. గత జులైలో కీబ్రయన్ హేస్‌ను సిన్సినాటికి పంపారు. 2022లో అతనికి ఎనిమిదేళ్ల ఒప్పందం ఇచ్చినప్పుడు ఇక ఇతను మనవాడే అనుకుని పిల్లలకు ఆ పేరున్న జెర్సీలు కొన్న తల్లిదండ్రులు ఎంతమందో. ఇప్పుడు ఏ పేరు వేయించాలన్నా రెండుసార్లు ఆలోచిస్తున్నారు. గుళ్లో కలిసిన ఒకాయన మొన్న చెప్పారు, వాళ్ల అమ్మాయికి వెనక ఏ పేరూ లేని చొక్కా కొన్నారట. ఎనిమిదేళ్ల పిల్ల తనే అలా అడిగిందట.

6. ఆండ్రూ మెకచన్‌కు మర్యాద ఇవ్వండి.

ఈ ఉత్తరం రాసే రోజుకు ఆయనతో ఒప్పందం లేదు. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాయి, పాత వేగం లేదు, అది ఆయనకూ తెలిసే ఉంటుంది. కానీ వరసగా ఇరవై సీజన్లు, 1993 నుంచి 2012 దాకా, ఓటములే ఎక్కువగా చూసిన ఈ ఊరికి 2013లో తల ఎత్తుకునే రోజు ఇచ్చింది ఆయనే. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. ఆ అక్టోబరు 1 రాత్రి సిన్సినాటితో మ్యాచ్‌కు నేను మా పక్కింటి పెద్దాయనతో వెళ్లాను. ఊరు ఊరంతా నల్లచొక్కాలు. వాళ్ల పిచర్ కువేటో పేరును జనం సాగదీసి పిలుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కిందపడింది. ఆ తర్వాతి బంతుల్లోనే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. పెద్దాయన నా భుజం పట్టుకుని ఏడ్చారు.

ఆయనే నాకు స్కోర్ కార్డు రాయడం నేర్పారు. 1960 అక్టోబరు 13న బిల్ మజరోస్కీ ఆఖరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి యాంకీస్ మీద ప్రపంచ సిరీస్ గెలిపించినప్పుడు బడిలో రేడియో పెట్టారని చెప్పేవారు. పోయిన ఏడాది కాలం చేశారు. 2015 తర్వాత ఇంకో ప్లేఆఫ్ మ్యాచ్ ఆయన చూడలేదు. వాళ్ల అబ్బాయి ఒక చెప్పుల డబ్బా నిండా ఆయన రాసిన కార్డులు తెచ్చి మావాడికి ఇచ్చారు. ఆఖరి కార్డులో చేతి వణుకు తెలుస్తోంది, కానీ ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు.

మెకచన్ ఇంకో ఏడాది ఆడాలా వద్దా అన్నది మీరూ ఆయనా మాట్లాడుకోండి. వద్దనుకుంటే అది ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పండి, ఊరికి వీడ్కోలు చెప్పే రోజు ఒకటి ఇవ్వండి.

7. గోడలూ ఇటుకలూ మావి.

మన జట్టు గొప్ప ఆటగాడు రాబర్టో క్లెమెంటె 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకెళుతూ విమానం కూలి చనిపోయారు. ఆయన నంబరు 21 కాబట్టి మన స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు పెట్టారు. గత ఏడాది ఆ గోడ మీద ఆయన గుర్తు తీసేసి ప్రకటన పెట్టారు. కుటుంబం బాధపడ్డాక, ఊరు అరిచాక, క్షమాపణ చెప్పి తిరిగి పెట్టారు. అదే నెలలో, స్టేడియం కట్టేటప్పుడు అభిమానులు డబ్బు కట్టి పేర్లు చెక్కించుకున్న ఇటుకలు పాత సామాను యార్డులో గుట్టగా కనబడ్డాయి. అందులో చనిపోయిన తండ్రుల పేర్లున్నాయి, పెళ్లి రోజులున్నాయి. ఇవి ఆటగాళ్ల ఎంపికకు సంబంధించినవి కావని మీరనుకోవచ్చు. మాకు రెండూ ఒకటే. ఎవరిని ఉంచుకోవాలో, దేన్ని పారేయకూడదో తెలియడం అన్నది అక్కడా ఇక్కడా ఒకే బుద్ధి. ఇలాంటివి కదిపేముందు ఆ కుటుంబాలను అడగండి.

8. ఏడాదికి ఒక్కసారి, సీజన్ మొదలయ్యే ముందు, యజమానిగా మీరే వచ్చి అభిమానుల ప్రశ్నలకు జవాబు చెప్పండి. ముందే రాసుకున్న ప్రశ్నలు కాదు, మైకు పట్టుకున్న మనిషి అడిగినవి. ఎంతసేపైనా వింటాం.

స్టేడియం సగం ఖాళీగా ఉంటే నష్టపోయేది టికెట్ కొన్న మేం మాత్రమే కాదు. నార్త్ సైడ్‌లో మ్యాచ్ రోజుల మీద బతికే చిన్న హోటళ్లు, బార్లు ఉన్నాయి. మెట్ల మీద వేరుశనగలు, సోడాలు మోసుకుంటూ అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అమ్మకం మీదే డబ్బు. సీట్లు చూపించే వృద్ధులున్నారు, కాలేజీ ఫీజుకోసం పార్కింగ్‌లో జెండా ఊపే పిల్లలున్నారు. సెప్టెంబరులో గెలిచే జట్టుంటే క్లెమెంటె వంతెన మీద నడవడానికి సందుండదు, 2013లో కళ్లారా చూశాను. ఓడిపోయిన జట్టుంటే ఆగస్టు నుంచే అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట. 2008 నవంబరులో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లను ఒప్పందం చేసుకున్నది మన జట్టే. భారతదేశం నుంచి మేజర్ లీగ్ సంస్థలో చేరిన మొదటి ఇద్దరు వాళ్లే. అంతకుముందు వాళ్లకు బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఎక్కడో మట్టిలో ఉన్న కుర్రాణ్ని వెతికి తెచ్చే కన్ను మీ దగ్గర ఎప్పుడూ ఉంది. స్కీన్స్‌నూ గ్రిఫిన్‌నూ ఎంచుకున్నదీ ఆ కన్నే. వెతకడంలో మీకు ఎవరూ సాటిరారని నేను ఎవరి ముందైనా చెబుతాను. మేం అడిగేది తర్వాతి పని గురించే.

ఏప్రిల్‌లో ఇక్కడ జరిగే తొలి మ్యాచ్‌కు మా నలుగురికీ టికెట్లు కొన్నాను. మీరు ఈ ఉత్తరానికి జవాబిచ్చినా ఇవ్వకపోయినా వస్తాం, మావాడు స్కోర్ కార్డు తెచ్చుకుంటాడు. గ్రిఫిన్ పిట్స్‌బర్గ్‌లో ఎన్నాళ్లు ఉంటాడని వాడు అల్టూనాలో అడిగిన ప్రశ్న మొన్న రాత్రి మళ్లీ అడిగాడు. అమ్మానాన్నలు చెప్పగలిగే జవాబు కాదు అది. ఆ రోజుకల్లా మీ దగ్గర్నుంచి వస్తే వాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మన్‌రోవిల్ నుంచి ఒక పైరేట్స్ అభిమాని